విప్పినవాడు బిగించకూడదు

చిరంజీవి చిన్నోడికి,

అక్కయ్య ఆశీస్సులు. నేను క్షేమం. నువ్వూ, మరదలూ, పాపా క్షేమమని తలుస్తాను.

ఇంటికి ఒక కంప్యూటర్ కొనాలనుకుంటున్నాను. బల్ల మీద పెట్టుకునే రకం. చవకగా ఉండాలి. కరెంటు బిల్లు కట్టడానికి, ప్రార్థన గీతాలు వినడానికి, నాలుగు ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, పాప మొహం కాస్త పెద్దగా చూడడానికి. ఫోనులో పాప మొహం తపాలా బిళ్ళంత కనిపిస్తోంది. తపాలా బిళ్ళలు ఆఫీసులో చాలా చూశాను.

ఏది కొనాలో రాయి. ఫోను చేయకు. తపాలా ఆఫీసులో జీతం తీసుకుంటూ ఫోనులో కబుర్లు చెప్పడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. పైగా నాన్న ఏమనేవాడు? వస్తువు కొనే మాటా, కోపమొచ్చే మాటా కాగితం మీదే ఉండాలి, రాసేలోపు సగం చల్లారుతుంది అనేవాడు.

ఒక చిక్కుంది. పెట్టడానికి చోటు లేదు. ముందుగదిలో నాన్న పని బల్ల మీద వాల్వుల రేడియో నువ్వు విప్పింది విప్పినట్టే ఉంది. పైన గుడ్డ కప్పాను. వారానికోసారి దుమ్ము దులుపుతాను. విప్పినవాడు బిగించకూడదన్నది నాన్న పెట్టిన నియమం. నువ్వు విప్పావు. బిగించాల్సిన మీ అన్నయ్య బిగించలేదు, పక్క ఊరికి కాపురం మార్చాడు. మీ ఇద్దరికీ మాటల్లేక ఆరేళ్ళయింది. నేను రిటైరయ్యేలోపు ఆ బల్ల ఖాళీ కావాలి. ప్రార్థనలో అడుగుతున్నది ఇదొక్కటే. మిగతావి దేవుడు అడగకుండానే ఇచ్చాడు.

ఇట్లు,
అక్కయ్య

తా.క. మీ అన్నయ్య ఎలా ఉన్నాడని పోయిన ఉత్తరంలో నువ్వు అడగలేదు. బాగున్నాడు.


అమ్మ తరవాత అమ్మంతటి అక్కయ్యకు,

నీ చిన్నోడి నమస్కారాలు. నీ ఉత్తరం ఆఫీసులో చింపుతుంటే పక్క సీటాయన "కోర్టు నోటీసా?" అని జాలిగా అడిగాడు. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరొస్తే జనానికి అదే భయం.

నువ్వు కంప్యూటర్ సలహా అడిగావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. పొద్దస్తమానం నూరు కంప్యూటర్లు కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం నాది. ఇంట్లోవాళ్ళు ఒక్కరూ నన్ను అడిగిన పాపాన పోలేదు. నీ మరదలైతే తన ఫోను చెడితే వీధి చివర కొట్టుకు పట్టుకెళ్తుంది. "మీరు చూస్తే చూస్తూనే ఉంటారు" అంటుంది.

శ్రద్ధగా విను. కంప్యూటరంటే వంటిల్లే. ప్రాసెసర్ పొయ్యి. ర్యామ్ వంటగట్టు. గట్టు ఎంత వెడల్పుంటే అన్ని గిన్నెలు ఒకేసారి పరుచుకోవచ్చు. లోపల దాచుకునే డిస్కు అటక. పాతరకం డిస్కయితే నిచ్చెన వేసుకుని ఎక్కాలి, ఎస్‌ఎస్‌డీ అయితే చేతికందే అలమార. నువ్వు చేసేది పెళ్ళివంట కాదు కాబట్టి పెద్ద పొయ్యి అక్కర్లేదు. గట్టు ఎనిమిది జీబీ, అలమార ఎస్‌ఎస్‌డీ. ఇంతే. కానీ కొత్తదే కొను, గ్యారంటీ ఉన్నదే కొను.

అసలు డెస్క్‌టాప్ ఎందుకు అక్కయ్యా? లాప్‌టాప్ తీసుకో. ఒళ్ళో పెట్టుకోవచ్చు. బల్లే అక్కర్లేదు. నీ బల్ల సమస్య దానంతటదే తీరిపోతుంది.

బల్ల అన్నావు, రాత్రి భోజనం దగ్గర టంకం వాసనొచ్చింది. నిజంగా రాలేదనుకో. నాన్న స్టూలు మీద, మేమిద్దరం చెరో పక్క, నువ్వు దీపం పట్టుకుని. ఎవరిదో రేడియో బోర్లా పడుకుని ఉండేది. నేను విప్పేవాణ్ణి, ఆ మహానుభావుడు బిగించేవాడు. వీధంతా మమ్మల్ని విప్పుడయ్య, బిగింపయ్య అనేవాళ్ళు. బాగుపడ్డ రేడియో మొదటిసారి గొంతు సవరించుకోగానే నాన్న చెవి దగ్గర పెట్టుకుని, మనకంటే ముందు తనే నవ్వేవాడు.

అయినా ఇంటి రేడియో విషయంలో నా తప్పు ఆవగింజంత లేదు. నాన్న పోయాక అది మూగబోతే నేనే కదా విప్పాను? బిగించమంటే ఆ మహానుభావుడు ఏమన్నాడు? "నీకు విప్పడమే తెలుసు. విప్పిపారేసి ఉద్యోగానికి పోతావు. ఇంట్లో ఉండేవాడు ఏరుకోవాలి" అన్నాడు. "నీకు కూర్చోవడమే తెలుసు" అన్నాను నేను. అందులో అబద్ధమేముంది?

ఇట్లు,
నీ చిన్నోడు

తా.క. ఆ పెద్దమనిషి ఇంకా మిక్సీలూ ఫ్యాన్లే బాగుచేసుకుంటున్నాడా? అడగడం లేదు. ఊరికే రాశాను.


చిరంజీవి చిన్నోడికి,

అక్కయ్య దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వంటింటి వర్ణన బాగుంది. నీకు వంట రాదని మరదలు చెబుతుంటే నమ్మేదాన్ని.

లాప్‌టాప్ వద్దు. ఒళ్ళో పట్టే వస్తువు నాకు పనికిరాదు. కారణం తరవాత చెబుతాను.

నీ సలహా తెలిసినవారొకరికి చదివి వినిపించాను. నీ పేరు చెప్పలేదు, చదువుకున్నవారొకరు అన్నాను. వారు చాలాసేపు నవ్వారు. ఇంట్లో పాటలు వినడానికి కొత్తది కొనమనేవాడికి జీతం ఎక్కువ, బుర్ర తక్కువ అన్నారు. వారి మాట వారన్నట్టే రాస్తున్నాను. ఉత్తరంలో మాట మార్చడం మా శాఖలో నేరం.

పెద్ద ఆఫీసులవాళ్ళు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసే కంప్యూటర్ డబ్బాలుంటాయట. ఇనుపముక్కల్లా ఉంటాయట. దుమ్ము దులిపి, కొత్త అలమార ఒకటి వేస్తే ఇంటి వాడకానికి ఇంకో పదేళ్ళు ఢోకా లేదట. అలమార సంగతి మాత్రం ఆ చదువుకున్నాయన సరిగ్గానే చెప్పాడే, ఎక్కడో మంచి మెకానిక్ దగ్గర విని ఉంటాడు అన్నారు.

నువ్వేమంటావు?

ఇట్లు,
అక్కయ్య

తా.క. నువ్వు బడికి రెండు పెన్సిళ్ళు పట్టుకెళ్ళేవాడివి, ఒకటి పోతే ఒకటి ఉంటుందని. సాయంత్రానికి రెండూ పోగొట్టుకొచ్చేవాడివి. నీ గ్యారంటీ మాట వింటే అదే గుర్తొచ్చింది.


అమాయకురాలైన అక్కయ్యకు,

నమస్కారాలు. ఆశీర్వాదం తరవాత ఇద్దువుగాని, ముందు ఇది చదువు.

ఎవరా మనిషి? ఎక్కడ దొరికాడు? నేను ఇంత చదువూ చదివి, ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి, ప్రాణం పెట్టి సలహా రాస్తే, దారినపోయే దానయ్య ఎవడో నవ్వుతాడా? వాడు నవ్వింది నా సలహా విని కాదు. నువ్వు దొరికావని.

ఈ రకం నాకు బాగా తెలుసు. చెవిలో టెస్టరు పెట్టుకుంటాడు. ప్రతి మాటకీ ముందు "చూడండమ్మా" అంటాడు. ఆఫీసులు పారేసిన చెత్త తూకానికి కొని, తడిగుడ్డతో తుడిచి, నీలాంటివాళ్ళకి అంటగడతాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. పాతడబ్బాలు గట్టివే కావచ్చు, కాదనను. మా ఆఫీసువీ గట్టివే. కానీ వాడు చెప్పాడు కాబట్టి అది తప్పు.

నీకొక పరీక్ష చెబుతాను. వాడు మళ్ళీ వస్తే సంచిలోకి తొంగిచూడు. వైరు ముక్క ఉందా? నాన్న మాట గుర్తు తెచ్చుకో. "సంచిలో వైరు లేకపోతే అది మెకానిక్ సంచి కాదురా, కూరగాయల సంచి." నేను ఇప్పటికీ పెళ్ళికి వెళ్ళినా సంచిలో వైరు వేసుకెళ్తాను. నీ మరదలు నవ్వుకుంటుంది. పోయినసారి పెళ్ళిలో మైకు ఆగిపోతే ఎవరు ఆదుకున్నారు?

ఈ ఉత్తరంతోపాటు ఒక ఈల పంపుతున్నాను. పోలీసువాళ్ళు ఊదే రకం. ఆ మనిషి ఏమాత్రం అతి చేసినా కిటికీ తెరిచి గట్టిగా ఊదు.

ఆందోళనతో,
చిన్నోడు

తా.క. ఒక పైసా కూడా అడ్వాన్సు ఇవ్వకు. కాఫీ కూడా ఇవ్వకు. కాఫీ ఇస్తే కూర్చుంటారు.


చిరంజీవి చిన్నోడికి,

అక్కయ్య ఆశీస్సులు. తొందరపడకు.

కాఫీ ఇచ్చాను. కూర్చున్నారు. భోజనం కూడా ఇక్కడే చేశారు. కంచం కడిగి బోర్లించారు.

సంచి చూశాను. వైరుంది. రెండు రకాలుంది.

చెవిలో టెస్టరు లేదు. "చూడండమ్మా" అనలేదు. అక్కయ్యా అనే పిలుస్తారు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చేస్తారు. ఈసారి మంచం కింద దూరి ప్లగ్గు బాగుచేశారు. నా కళ్ళజోడు కాడ ఊగుతుంటే బిగించారు. బీరువా తలుపు కూడా ఇప్పుడు చప్పుడు చేయడం లేదు. ఆ చప్పుడుతోనే నేను పొద్దున్న లేచేదాన్ని, కానీ చెప్పలేదు. చిన్నబుచ్చుకుంటారని.

డబ్బా సంగతి. వారే ఒకటి సిద్ధం చేసి తెచ్చిస్తామన్నారు. ఖరీదు ఎంతంటే, మీ దగ్గర తీసుకుంటానా అని కోప్పడ్డారు. అయితే తెర మాత్రం పాతది వద్దట. పెద్ద వయసులో కళ్ళు ముఖ్యం, తెర కొత్తదీ మంచిదీ ఉండాలన్నారు. ఈ ఒక్క విషయంలో ఆ చదువుకున్నాయన్ని అడగండి, జీతం ఎక్కువ కదా అన్నారు.

ప్రార్థనలో నిన్ను తలుచుకున్నాను. వారినీ తలుచుకున్నాను.

ఇట్లు,
అక్కయ్య

తా.క. ఈల అందింది. పక్కింటి పాప తీసుకుంది. వాళ్ళమ్మ నీకు కృతజ్ఞతలు చెప్పలేదు.


అక్కయ్యకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. నీ మరదలు "ఆవిడకి యాభై దాటాయండీ, ఆవిడ ఇష్టం" అంది. ఆ మాటతో నాకు ఇంకా భయమేసింది. నేను అనుకుంటున్నదే తనూ అనుకుంటోందన్నమాట.

అక్కయ్యా, నేను చిన్నవాణ్ణి. ఇలాంటి మాట నీతో ఎత్తడానికి నోరు రావడం లేదు. కాగితం కాబట్టి రాస్తున్నాను.

ఊరికే డబ్బా తెచ్చి ఇస్తానంటాడు. భోజనం చేసి కంచం కడుగుతాడు! సొంత ఇంట్లోనే మగవాళ్ళు కడగరు, నేనైతే అసలు కడగను, నా గురించి నీకు తెలుసు. ప్లగ్గు బాగుచేశాడంటే సర్లే అనుకున్నాను. బీరువా తలుపంటే ఊరుకున్నాను. కానీ కళ్ళజోడు? కళ్ళజోడు దాకా వచ్చాడంటే మాటలా? పైగా "పెద్ద వయసులో కళ్ళు ముఖ్యం" అన్నాడా? అది మెకానిక్ అనే మాట కాదు. కలకాలం పక్కన ఉండాలనుకునేవాడు అనే మాట.

అక్కయ్యా అని పిలుస్తాడంటావా? మొదట్లో అందరూ అలాగే పిలుస్తారు.

అమ్మ పోయినప్పటినుంచీ మమ్మల్ని పెంచడంతోనే నీ వయసంతా గడిచిపోయింది. మా ఇద్దరి జుట్టుకీ నూనె రాసి, నీ జుట్టు సంగతి మరిచిపోయావు. మాకు ఆ సంగతి తట్టేసరికి ఆలస్యమైంది. నీకిప్పుడు ఒక తోడు కావాలనిపిస్తే నేను అడ్డుపడను. ఒట్టు. రిపేరువాడయినా పర్వాలేదు. నాన్న మాత్రం ఎవరు? కానీ మనిషిని చూడకుండా ఎలా? న్యాయంగా అయితే ఇలాంటి పని ఇంట్లో పెద్ద మగవాడు చేయాలి. ఆ మహానుభావుడు ఉండీ లేనట్టే కాబట్టి నేనే వచ్చి ఆ మనిషితో మాట్లాడతాను. ఎక్కడివాడు, ముందూ వెనకా ఎవరున్నారు, నెమ్మదస్తుడేనా అని నాలుగు మాటలు. గౌరవంగానే మాట్లాడతాను.

నీ మంచి కోరే,
చిన్నోడు

తా.క. నీ మరదలు చీర ఏ రంగు కొనమంటావని అడుగుతోంది. నేను వద్దన్నాను. అయినా రాయి.


చిరంజీవి చిన్నోడికి,

అక్కయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పక్కన ముద్రలు కొట్టే ఆవిడ "ఏమైంది, ఏడుస్తున్నారు?" అని మంచినీళ్ళు ఇచ్చింది. ఏడుపు కాదు. ఇంటికొచ్చి ఉత్తరం దేవుడి దగ్గర పెట్టాను. ఆయనా నవ్వుకోవాలి కదా.

నాకా ఆలోచన లేదు. వారికి భార్యా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు.

నా జుట్టు గురించి రాసిన మాట మాత్రం దాచుకున్నాను.

ఇప్పుడు పని మాట. వచ్చే ఆదివారం వారు డబ్బా తెస్తున్నారు. కీబోర్డూ, మౌసూ వారే తెస్తారు. తెర నువ్వు తీసుకురా. పోస్టులో పంపకు. గాజు వస్తువులు మావాళ్ళు ఎలా విసురుతారో నాకు తెలుసు. మధ్యాహ్నానికి రా. తెరకీ డబ్బాకీ మధ్య వేసే వైరు నేను కొని ఉంచాను. అది నువ్వు తేనక్కర్లేదు.

ఇట్లు,
అక్కయ్య

తా.క. చీర వద్దని మరదలికి చెప్పు. కొనేసి ఉంటే నీలం.


అక్కయ్యకు,

భార్యా, పిల్లలూ ఉన్నారా!

ఆదివారం వస్తున్నాను. తెర తెస్తున్నాను. ఇరవైరెండు అంగుళాలు, కళ్ళకు హాయిగా ఉండే రకం. పాప మొహం దోసిలంత కనిపిస్తుంది. ఆ దుర్మార్గుణ్ణి నేను వచ్చేదాకా కదలనివ్వకు. కాఫీ ఇవ్వు. రెండు ఇవ్వు. కూర్చోబెట్టు.

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారలేదు.

చిన్నోడు

తా.క. చీర కొనేసింది. ఎరుపు.


(ముందుగదిలో, గుడ్డ కప్పిన రేడియో మీద పెట్టిన ఉత్తరం)

చిరంజీవులు నడిపోడికీ, చిన్నోడికీ,

ఇద్దరికీ కలిపి అక్కయ్య ఆశీస్సులు. కలిపి రాసి ఆరేళ్ళయింది. చెయ్యి అలవాటు తప్పింది.

మీరు ఇది చదివేసరికి ఒకడి చేతిలో తెర, ఒకడి చేతిలో డబ్బా ఉంటాయి. ముందు కింద పెట్టండి. బరువు.

నేను అబద్ధమాడలేదు. నడిపోడా, చదువుకున్నవారొకరు అన్నది నీ తమ్ముణ్ణే. వాడు చదువుకున్నాడు. చిన్నోడా, తెలిసినవారొకరు అన్నది మీ అన్నయ్యనే. నాకు తెలిసినవాడే. మిక్సీలు మానేసి కంప్యూటర్లు బాగుచేయబట్టి చాలాకాలమైంది. నువ్వు అడగలేదు. చేతుల్లో పెంచినవాణ్ణి వారు, వీరు అని రాయడానికి కలం కదల్లేదు. అయినా రాశాను. దీనికి దేవుడి దగ్గర విడిగా క్షమాపణ చెప్పుకున్నాను.

లాప్‌టాప్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. లాప్‌టాప్ అయితే ఒక్కడే తెస్తాడు. ఇదైతే ఒకడు తెర, ఒకడు డబ్బా. ఇద్దరూ రావాల్సిందే.

నాన్న ఆ నియమం ఎందుకు పెట్టాడో మీకు చెప్పలేదు. నాకు చెప్పాడు. అమ్మ పోయిన కొత్తలో మీ ఇద్దరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. ఒకడు విప్పి ఒకడు బిగిస్తే, ఏ స్క్రూ ఎక్కడిదో అడగక తప్పదు, చెప్పక తప్పదు. అందుకు పెట్టాడు. రేడియోల కోసం కాదు.

భోజనం వంటింట్లో మూత పెట్టి ఉంది. తెరనీ డబ్బానీ కలిపే వైరు నా చేతిసంచిలో ఉంది. సంచి నాతో ఉంది. నేను ప్రార్థనకు వెళ్తున్నాను. సాయంత్రం దాకా రాను.

ఇట్లు,
మీ అక్కయ్య

తా.క. చిన్నోడా, నీ మూడో ఉత్తరంలో ఏం రాశావో మీ అన్నయ్యకు నేను చెప్పలేదు. చెప్పడం ధర్మం కాదు.


అక్కయ్యకు,

విప్పుడయ్య దణ్ణాలు. క్షేమంగా ఇల్లు చేరాను. నువ్వు చూడనిది నీకు రాయాలి కదా.

నేను వచ్చేసరికి పక్కింటావిడ, తాళంచెవి ఇందాకే ఒకాయన తీసుకున్నాడంది. దొంగ దొరికాడనుకున్నాను. తెర గుండెకి హత్తుకుని లోపలికి నడిచాను. ముందుగదిలో ఒక వీపు కనిపించింది. కొంచెం వంగిన వీపు. చొక్కా కాలరు వెనక మడత పడి ఉంది. నాన్న అనుకున్నాను అక్కయ్యా. ఒక్క క్షణమే. తిరిగితే అన్నయ్య. జుట్టంతా నెరిసిపోయింది. నాకెవరూ చెప్పలేదేం? అవునులే, నేను అడగలేదు.

ఉత్తరం ఇద్దరం నిలబడే చదివాం. వాడు చదవడం అయిపోయినా నేను పేజీ తిప్పేదాకా ఆగాడు. చిన్నప్పుడూ అంతే. తరవాత వాడు డబ్బాని చూస్తూ, నేను తెరని చూస్తూ చాలాసేపు కూర్చున్నాం.

చివరికి వాడే అడిగాడు. "మూడో ఉత్తరంలో ఏం రాశావురా?"

ఆరేళ్ళ తరవాత మొదటి మాట అది. చెప్పనన్నాను. చెప్పమన్నాడు. "నిన్ను అక్కయ్యకి వరుణ్ణి చేశాన్రా అన్నయ్యా" అన్నాను. వాడు ముందు నోరు తెరిచాడు. తరవాత కిందపడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. అది నవ్వేనా అని నేను అడగలేదు. నా కళ్ళు కూడా అప్పటికి బాగాలేవు.

"కళ్ళజోడు కాడ బిగిస్తే పెళ్ళేనట్రా? అయితే మా ఊళ్ళో నాకు ఎన్ని పెళ్ళిళ్ళు!" అన్నాడు.

ఆ తరవాత గుడ్డ ఎవరు తీశారో గుర్తులేదు. "ఇదెక్కడిది?" అన్నాడు. "వెనక అట్టది" అన్నాను. "కాదు." "విప్పింది నువ్వా, నేనా?" "విప్పినవాడికి జ్ఞాపకముండాలి కదరా!" "ఆరేళ్ళు ఆగమన్నానా?" వీధిలోకి వినిపించి ఉంటుంది. ఏదో ముక్క కాలిపోయిందని వాడి సంచిలోంచి ఇంకోటి తీసి టంకం పెట్టాడు. పొగ లేచింది. ఇద్దరం ఒకేసారి గట్టిగా పీల్చాం.

స్విచ్చు నన్నే వేయమన్నాడు. ఎక్కడ తిప్పినా ఒక్క స్టేషనూ పలకలేదు. మనం వినే స్టేషను ఎప్పుడో ఎత్తేశారట. గుర్రుమని ఒకటే మోత. "నాన్న మధ్యాహ్నం గురకలా ఉంది కదరా" అన్నాడు. కట్టేయబుద్ధి కాలేదు. నువ్వొచ్చి గుమ్మంలో ఒక చెప్పు విడిచి, రెండోది విడవకుండా ఆగిపోయావు చూడు, అప్పుడు మేం వింటున్నది అదే.

నువ్వు సంచిలోంచి వైరు తీసి ఇచ్చినప్పుడు మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు తేవద్దన్నా నా సంచిలో ఆ వైరుంది. తువ్వాలు తీసినప్పుడు అన్నయ్య చూశాడు. వాడి సంచిలోనూ ఉంది. టంకం తీసినప్పుడు నేను చూశాను. మేం అనుకుంటే మధ్యాహ్నమే బిగించేసి చెరో బస్సు ఎక్కేవాళ్ళం. వాడూ అనలేదు. నేనూ అనలేదు.

ఇట్లు,
చిన్నోడు

తా.క. ఒక స్క్రూ మిగిలింది. నేను తప్పు చెప్పానంటాడు, వాడే తప్పు బిగించాడంటాను. ఆదివారం వచ్చి తనే మళ్ళీ విప్పి చూస్తాడట. చూడనీ. తప్పు ఎవరిదో తేలుతుంది.


చిరంజీవి చిన్నోడికి,

అక్కయ్య ఆశీస్సులు. ఇది కంప్యూటర్ మీద టైపు చేస్తున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కోవాలి. అందుకని మాటలు ఇంకా తగ్గుతాయి. అచ్చు తీయించి కవర్లో పెట్టాను. ఈమెయిలు పంపమన్నావు. రిటైరయ్యాక పంపుతాను. ఇంకా జీతం తీసుకుంటున్నాను.

తెర బాగుంది. పాపకు కింద రెండు పళ్ళు వస్తున్నాయి. మీరు చూసినట్టు లేదు.

బల్ల ఖాళీ కాలేదు. రేడియో మళ్ళీ దాని చోట అది కూర్చుంది. కంప్యూటర్ కుట్టుమిషను మీద పెట్టుకున్నాను. దేవుడు నేను అడిగింది ఇవ్వలేదు. అడగాల్సింది ఇచ్చాడు.

సాయంత్రం దీపం పెట్టాక కాసేపు రేడియో వేస్తాను. గురక విని కట్టేస్తాను.

వైర్ల సంగతి నాకు తెలుసు. మీ సంచులు నేను ఎరగనా? ఉన్నా తీయరేమో చూద్దామనుకున్నాను.

ఇట్లు,
అక్కయ్య

తా.క. ఆ మిగిలిన స్క్రూ రేడియోది కాదు. కుట్టుమిషనుది. గుడ్డ కింద నేనే వేశాను. మీ అన్నయ్యకు చెప్పకు. ఆదివారం వాడు విప్పుతాడు. విప్పినవాడు బిగించకూడదు కాబట్టి నువ్వు రావాలి. మరదల్నీ తీసుకురా. ఎరుపు కూడా బాగానే ఉంటుంది.